బండికి దారి ఉంది, కుర్చీకి ఏదీ?
చక్రాల కుర్చీకి మోసుకెళ్లే ర్యాంపు ఎంచుకునే ముందు ఇంట్లో, బడిలో చూసుకోవలసినవి

కోయంబత్తూరులో పీలమేడు, గణపతి, సింగానల్లూరు వైపు పాత వీధుల్లో నడిచి చూడండి. మదురై పాత పేటల సందుల్లోనూ చూడండి. ఇంటి ముందు మూడు మెట్లుంటే, వాటి నడుమనో పక్కనో జానెడు వెడల్పున సిమెంటు వాలు ఒకటి కనిపిస్తుంది. రాత్రి మోటారు సైకిలును లోపలికి ఎక్కించడానికి కట్టుకున్నది అది. బండి కొన్న వారంలోనే మేస్త్రీని పిలిచి ఆ పని చేయించేస్తాం. అదే ఇంట్లో చక్రాల కుర్చీలో తిరిగే బిడ్డ ఉంటే మాత్రం ఏళ్ల తరబడి చేతుల మీద ఎత్తి దించుతూనే ఉంటాం.

మన తెలుగు బడుల్లోనూ ఇదే తీరు. వాటిలో చాలా భవనాలు పాతవి. వానకు, చెదలకు భయపడి పునాది ఎత్తుగా లేపి, ముందు రాతి మెట్లు, ఆ పైన వరండా కట్టారు. అప్పటి అవసరానికి అది సరైన కట్టడమే. ఇప్పుడు ఆ మెట్ల దగ్గరే కొందరు పిల్లల చదువు ఆగిపోతోంది. తెలుగు విభాగంలో ఒక్కో పేరు ఎంత విలువైనదో హాజరు పట్టీ చూసే ఉపాధ్యాయులందరికీ తెలుసు. మెట్లెక్కలేక ఒక బిడ్డ మానేస్తే ఆ కుటుంబం వేరే తెలుగు బడిని వెతుక్కోలేదు. దగ్గర్లో మరొకటి ఉండదు. చదువుతో పాటు అమ్మభాషలో రాయడం, చదవడం కూడా ఆ మెట్ల కింద ఆగిపోతాయి.

ఎత్తుకోవడం ఎన్నాళ్లు?

ఒకటో తరగతి పిల్లవాణ్ని నాన్న ఎత్తుకుని బెంచీ మీద కూర్చోబెడతాడు. ఐదో తరగతికి వచ్చేసరికి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఎనిమిదో తరగతి ఆడపిల్లనైతే ఎవరు ఎత్తాలి? ఆ పిల్లకు అది ఎలా అనిపిస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరక్క, "ఇంక ఇంట్లోనే చదువుకోనీ" అని తల్లి అనడం మేము విన్నాం. బిడ్డ మీద ప్రేమ తగ్గి అన్న మాట కాదది. వీపు నొప్పితో, మొహమాటంతో అన్న మాట.

ఎత్తి దించడంలో ప్రమాదమూ ఉంది. మెట్ల మీద కుర్చీతో సహా మోసేటప్పుడు ఒకరి కాలు జారితే ముగ్గురూ పడతారు. అందుకే ర్యాంపును దయతో ఇచ్చే సౌకర్యంగా కాక, బడికి తలుపు ఎంత అవసరమో అంత అవసరమైనదిగా చూడాలి. శాశ్వతంగా కట్టడానికి స్థలమో, డబ్బో, అద్దె ఇంటి యజమాని అనుమతో లేనిచోట, మడిచి మోసుకెళ్లే ర్యాంపు అక్కరకొస్తుంది. తమిళంలో దీన్ని సాయ్‌వుదళం అంటారు. సర్కారు కార్యాలయాల్లో ఆ మాటతో అడిగితే వెంటనే అర్థమవుతుంది.

ముందు కొలత, తర్వాతే కొనుగోలు

దుకాణానికి వెళ్లే ముందు టేపు తీసుకుని నేల నుంచి పై గడప దాకా నిట్టనిలువు ఎత్తు కొలవండి. మెట్ల వెంట ఏటవాలుగా కొలవకూడదు. పై మెట్టు మీద ఒక నిటారు చెక్కను ముందుకు చాపి, మేస్త్రీల రసమట్టంతో సరిచూసి, దాని కింది నుంచి నేలకు టేపు వదిలితే నికరమైన ఎత్తు వస్తుంది.

ఆ తర్వాత లెక్క సులువు. మనిషి కూర్చున్న కుర్చీకి ప్రపంచమంతా వాడే వాలు 1:12. మన దేశపు ప్రమాణాలూ అదే చెబుతున్నాయి. ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు, అంటే అంగుళానికి ఒక అడుగు. రెండంగుళాల గడపకు రెండడుగులు చాలు. ఆరంగుళాల ఒక్క మెట్టుకు ఆరడుగులు. ఆరేసి అంగుళాల మూడు మెట్లకు, అంటే 18 అంగుళాలకు, 18 అడుగులు.

ఇక్కడే చాలామంది తడబడతారు. 18 అడుగులు అనగానే "అంత పొడవెందుకు, ఆరడుగులది చాలదా" అంటారు. మూడు మెట్లకు ఆరడుగుల పలక వేస్తే వాలు దాదాపు 1:4 అవుతుంది. దాని అర్థం బరువు లెక్కలో చూడండి. బిడ్డ, కుర్చీ కలిపి 60 కిలోలు అనుకుందాం. 1:12 వాలు మీద నెట్టడానికి సుమారు 5 కిలోల బలం చాలు. 1:6 మీద 10 కిలోలు. 1:4 మీద 15 కిలోలు. చక్రాల రాపిడి దీనికి అదనం. దించేటప్పుడు అంతే బలంతో కుర్చీ కిందికి లాగుతుంది. అమ్మ చేయి జారితే ఆపేవారుండరు. బిడ్డ తన చేతులతో తానే చక్రం తిప్పుకుని 1:4 ఎక్కడం అసలు కుదరదు.

స్థలం బొత్తిగా లేని పాత కట్టడాలకు కొంత సడలింపు ఉంది. అమెరికా ప్రమాణాల్లో ఎత్తు ఆరంగుళాలు మించకపోతే 1:10, మూడంగుళాలు మించకపోతే 1:8 దాకా ఒప్పుకుంటారు. 1:6 వాలును అక్కడి ర్యాంపు తయారీదారులు సాధారణంగా ఖాళీ కుర్చీని వాహనంలోకి ఎక్కించడానికే చెబుతారు. బిడ్డ కూర్చుని ఉండగా అంత వాలు వాడవద్దు. బ్యాటరీ కుర్చీ అయితే అది ఎంత వాలు ఎక్కగలదో దాని వెంట వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ముందు అది చూడాలి.

ఏ రకం ఎవరికి?

మోసుకెళ్లే ర్యాంపుల్లో ముఖ్యంగా నాలుగు రకాలు దొరుకుతాయి.

మొదటిది గడప ర్యాంపు. రబ్బరుతోనో అల్యూమినియంతోనో చేసిన చిన్న వాలుముక్క. ఒకటి నుంచి మూడంగుళాల ఎత్తుకు సరిపోతుంది. తరగతి గది గుమ్మానికి, ముఖ్యంగా మరుగుదొడ్డి గట్టుకు ఇది కావాలి. బడిలో మరుగుదొడ్డికి వెళ్లలేమని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా కూర్చునే పిల్లలున్నారు. చాలాచోట్ల అక్కడ అడ్డు రెండంగుళాల గట్టు మాత్రమే.

రెండోది పెట్టెలా మడిచేది. మధ్యలో బందులుండి, మడిస్తే పెద్ద సూట్‌కేసులా చేతిపిడితో మోయవచ్చు. ఒకటి రెండు మెట్లకు పనికొస్తుంది. ఆటోలోనో కారులోనో వేసుకుని పెళ్లికి, పరీక్ష కేంద్రానికి తీసుకెళ్లవచ్చు.

మూడోది మూడు నాలుగు మడతలది. పొడవు ఎక్కువ, బరువూ ఎక్కువే. ఇద్దరు కలిసి పరవాలి. బడికి ఇది అనుకూలం. ఎందుకంటే బడిలో సాయం చేసే చేతులుంటాయి.

నాలుగోది రెండు పట్టాలది. రైలు పట్టాల్లా రెండు వేర్వేరు కాలువలు, ఒకదాంట్లో ఒకటి దూరి పొట్టిగా అవుతాయి. ధర, బరువు తక్కువ కావడంతో ఇదే ముందు నచ్చుతుంది. ఇది నాలుగు చక్రాల కుర్చీకి మాత్రమే సరిపోతుంది. చేతితో తిప్పే మూడు చక్రాల సైకిలుకు ముందు చక్రం నడుమ ఉంటుంది. తమిళనాడు ప్రభుత్వం దివ్యాంగులకు ఇచ్చే పక్కచక్రాల స్కూటరుకూ ముందు చక్రం నడుమనే. రెండు పట్టాల మధ్య ఖాళీలో ఆ చక్రం దిగబడుతుంది. ఇలాంటి బండ్లున్నవారు నిండు పలకే తీసుకోవాలి. వెనక నుంచి నెట్టేవారికీ రెండు పట్టాల నడుమ మెట్ల మీదే కాలు వేయాల్సి వస్తుంది. అదీ ప్రమాదమే.

వెడల్పు విషయంలో కుర్చీని చేతిపట్టీలతో సహా కొలిచి, రెండు పక్కలా కనీసం రెండేసి అంగుళాలు అదనంగా చూసుకోండి. పక్కచక్రాల బండ్లు ఇంకా వెడల్పు. వాటిని కొలవకుండా కొనవద్దు. బిడ్డ ఎదుగుతుంది, రెండేళ్లలో పెద్ద కుర్చీ వస్తుందన్నదీ లెక్కలో ఉండాలి.

కొనేటప్పుడు చేత్తో తడిమి చూడవలసినవి

ర్యాంపు మోయగల బరువు దాని మీద రాసి ఉంటుంది. బిడ్డ బరువు, కుర్చీ బరువు, నెట్టే మనిషి బరువు మూడూ కలిపి ఆ అంకె కన్నా బాగా తక్కువ ఉండాలి. బ్యాటరీ కుర్చీలు మామూలు కుర్చీలకు ఎన్నో రెట్లు బరువు. సగం దారిలో ముగ్గురి భారమూ పలక నడుమే పడుతుందని గుర్తుంచుకోండి.

పై అంచున ఒక నాలుక ఉంటుంది. అది పై మెట్టు మీద పూర్తిగా పరుచుకుని కూర్చోవాలి. గాలిలో వేలాడకూడదు. జారకుండా పిన్నో పట్టీయో ఉండాలి. రెండు పక్కలా చక్రం తప్పిపోకుండా అంచు లేచి ఉండాలి. పైతలం గరుకుగా ఉండాలి. తడి చేత్తో రుద్ది చూడండి. మన వాకిళ్లలో నీళ్లు చల్లి ముగ్గు వేస్తాం, గడపకు పసుపు రాస్తాం, దీపం నూనె ఒలుకుతుంది. తడిసిన ముగ్గుపిండి మీద నున్నటి అల్యూమినియం పలక వేస్తే అదే జారుడు బల్ల. పలక పరిచే చోటు పొడిగా తుడిచి, ముగ్గును కాస్త పక్కకు వేసుకుంటే సరి.

కుర్చీ పాదాల పలక నేలకు ఎంత ఎత్తులో ఉందో చూడండి. వాలు మొదట్లో అది నేలను గీసుకుంటే కుర్చీ ఒక్కసారిగా ఆగి బిడ్డ ముందుకు తూలుతుంది. ర్యాంపు కింది చివర తర్వాత కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదును కావాలి. మదురై సందుల్లో మెట్టు దిగగానే కాలువ, కాలువ దాటగానే బండ్లు. అక్కడ ర్యాంపును వీధికి ఎదురుగా కాక, అరుగు పక్కగా దించే వీలుందేమో చూడండి. కాలువ మీది బండ కదులుతుంటే ముందు దాన్ని బిగించాలి.

ఇంట్లో పెద్దవాళ్ల ఆక్షేపణ ఒకటి వస్తుంది. "గడప మీద చక్రంతో తొక్కవచ్చా అమ్మా?" అని అమ్మమ్మలు అడుగుతారు. వాళ్లతో వాదించనక్కర్లేదు. గడపకు అటూ ఇటూ నేల మీద ఆని, గడపను తాకకుండా పైనుంచి వంతెనలా దాటే ర్యాంపులున్నాయి. పసుపు కుంకుమ చెక్కుచెదరవు, బిడ్డా బయటికి వస్తుంది.

మన ఊరి వర్క్‌షాపులోనే

బయటినుంచి తెప్పించిన ర్యాంపుల ధర చూసి వెనక్కి తగ్గేవారికి ఒక మాట. కోయంబత్తూరు పంపుసెట్ల ఊరు, ఫౌండ్రీల ఊరు. మన జి.డి.నాయుడు (1893–1974) గారు బస్సులు నడిపి, యంత్రాలు తయారుచేసిన ఊరు. ఆయన, డి.బాలసుందరం నాయుడు గారు కలిసి 1937లోనే ఇక్కడ ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. ఆవారంపాళయం, గణపతి వైపు వెల్డింగు షెడ్లకు ఒక వాలుపలక పెద్ద పని కాదు. ఆ షెడ్లలో మన పిల్లల తండ్రులే ఎందరో పనిచేస్తున్నారు.

అయితే అడిగే తీరు తెలియాలి. "ఒక ర్యాంపు చేసిపెట్టు" అంటే ఇనుముతో చేస్తారు. ఇనుము అల్యూమినియం కన్నా దాదాపు మూడు రెట్లు బరువు. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న రేకు ఒక్కటే లెక్కేస్తే అల్యూమినియంలో సుమారు 11 కిలోలు, ఇనుములో సుమారు 33 కిలోలు. కింది పట్టీలు దీనికి అదనం. రోజూ మోసి పరవాలంటే ఇనుము కుదరదు. ఒకేచోట ఉండేదైతే ఫరవాలేదు.

కాగితం మీద ఇవి రాసి ఇవ్వండి: ఎత్తు, పొడవు, వెడల్పు, మోయవలసిన మొత్తం బరువు, గళ్ల రేకు, పక్క అంచులు, పై నాలుక, కింద రబ్బరు, వంగకుండా అడుగున పట్టీలు. తయారయ్యాక బిడ్డను ఎక్కించకండి. ముందు మొత్తం బరువుకు సరిపడా ఇసుక బస్తాలు నడుమ పెట్టి, పలక ఎంత వంగుతుందో, చప్పుడు చేస్తుందో చూడండి. వంగి మళ్లీ నిటారుగా రాకపోతే తిప్పి పంపండి. నున్నటి చెక్కపలక మీద ఇటుకలు పెట్టి సర్దుకోవడం మాత్రం వద్దు. పలక జారితే ఎత్తి దించడం కన్నా పెద్ద ప్రమాదం.

ఎప్పుడు వద్దనాలి?

మోసుకెళ్లే ర్యాంపు అన్నింటికీ మందు కాదు. ఎత్తు రెండడుగులైతే 24 అడుగుల పొడవు కావాలి. అంత పొడవున్నదాన్ని ఎవరూ రోజూ పరవలేరు. అలాంటి బడికి సిమెంటు ర్యాంపే దారి. దేశపు ప్రమాణాల ప్రకారం దానికి కనీసం 1200 మిల్లీమీటర్ల వెడల్పు, రెండు పక్కలా పట్టుకునే కమ్మీలు, పైనా కిందా 1500 మిల్లీమీటర్ల చదును ఉండాలి. సూటిగా స్థలం లేకపోతే మధ్యలో చదును ఇచ్చి వెనక్కి తిప్పవచ్చు. అది కట్టేదాకా ఆ బిడ్డ తరగతిని తక్కువ ఎత్తున్న గదికి మార్చడం ఖర్చు లేని ఉపాయం. ఒక బిడ్డ పైకి వెళ్లలేకపోతే ముప్పై మంది కిందికి రావచ్చు కదా!

మోసుకెళ్లేదానికి మరో లోటు ఉంది. దాన్ని పరచడానికి ఎప్పుడూ ఒకరు కావాలి. బిడ్డ తనంత తాను విరామ సమయంలో బయటికి రావాలంటే ఎవరినో పిలవాలి. అందుకే దాన్ని తాత్కాలిక సాయంగానే చూడాలి.

చట్టం మన బడికీ వర్తిస్తుంది

"మనది అల్పసంఖ్యాక భాషా బడి, మనకు ఆ నిబంధనలు లేవు" అనే మాట కొన్ని యాజమాన్యాల నోట వినిపిస్తుంది. 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో అల్పసంఖ్యాక విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని చెప్పిన మాట నిజమే. దివ్యాంగుల హక్కుల చట్టం వేరు. 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైన ఆ చట్టం, ప్రభుత్వ నిధులతో నడిచేవే కాక ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థలన్నింటి భవనాలూ దివ్యాంగ పిల్లలు రాకపోకలు సాగించేలా ఉండాలంటుంది. చదువు కోసం వాడే ప్రైవేటు భవనమూ దాని లెక్కలో ప్రజా భవనమే. 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు ఈ సౌకర్యాల ప్రమాణాలు సలహాలుగా మిగలరాదని, తప్పనిసరి నియమాలుగా ఉండాలని చెప్పింది.

తల్లిదండ్రులు బడితో తగాదాకు దిగాలని మా ఉద్దేశం కాదు. ఒక కాగితం మీద మర్యాదగా అర్జీ రాసి, కొలతలు జతచేసి, ప్రధానోపాధ్యాయుల సంతకంతో నకలు తీసుకోండి. బిడ్డకు దివ్యాంగ గుర్తింపు కార్డు లేకపోతే ముందు దానికి దరఖాస్తు చేయండి. జిల్లాలో దివ్యాంగుల సంక్షేమ కార్యాలయం ఉంటుంది. తమిళంలో మాట్రుత్తిరనాళిగళ్ నల అలువలగం. కుర్చీకి, ఇతర ఉపకరణాలకు అక్కడే అడగాలి.

ఇంకో సంగతి. మన బడులు చాలావరకు పోలింగు కేంద్రాలు. శాశ్వత ర్యాంపు లేనిచోట ఓటింగు రోజున చెక్క ర్యాంపు వస్తుంది, చక్రాల కుర్చీ వస్తుంది. ముసలివాళ్లు నవ్వుతూ వచ్చి ఓటేసి పోతారు. మర్నాడు సోమవారమైతే అదే మెట్ల కింద మన విద్యార్థి ఎత్తేవారి కోసం ఎదురుచూస్తాడు. ఒక్కరోజుకు కుదిరినది మిగతా రోజులకు ఎందుకు కుదరదని బడి కమిటీలో అడగవలసింది మనమే.

బడిలో వాడుక

ర్యాంపు కొని బీరువాలో పెట్టి తాళం వేస్తే లాభం లేదు. ఎక్కడ ఉంటుందో, ఎవరు పరుస్తారో, పొద్దున, విరామం, భోజనం, సాయంత్రం ఎవరి వంతో గోడ మీద రాసి ఉంచాలి. ఎక్కేటప్పుడు కుర్చీ ముందువైపు పైకి, మనిషి వెనక. దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మనిషి కింది వైపు నిలబడి మెల్లగా దించాలి. ఈ పని పెద్దవాళ్లదే. పిల్లలకు పలక పరచడం, దారి తుడవడం వరకే. ఒకరు ఎక్కుతుండగా మరొకరు పలక మీదికి రాకూడదు. అది ఆటవస్తువు కాదని మొదటి రోజే చెప్పాలి.

గణితం ఉపాధ్యాయులకు ఇందులో ఒక పాఠమే ఉంది. పదో తరగతి పిల్లల చేతికి టేపు, దారం, రసమట్టం ఇచ్చి బడిలోని ప్రతి గుమ్మం ఎత్తూ కొలిపించండి. 1:12కి ఎంత పొడవు కావాలో, కోణం ఎంతో లెక్క వేయించండి. ఐదు డిగ్రీలకు కాస్త తక్కువ వస్తుంది. ఆ పట్టికను తెలుగులోనూ తమిళంలోనూ రాయించి కమిటీ ముందు పెట్టండి. త్రికోణమితి ఎందుకు నేర్చుకోవాలని ఆ తర్వాత ఎవరూ అడగరు.

పబ్లిక్ పరీక్షల ముందు మరో పని ఉంది. కేంద్రం వేరే బడిలో పడితే నెల ముందే వెళ్లి గుమ్మాలు కొలిచి, కింది అంతస్తు గది కోసం అర్జీ ఇవ్వండి. మడిచే ర్యాంపు ఉంటే ఆ వారం రోజులూ బిడ్డ వెంటే పంపండి.

అన్నిటికన్నా ముందు, ఆ కుర్చీలో కూర్చున్న బిడ్డను అడగండి. ఏ గుమ్మం కష్టం, ఎవరు నెడితే భయం, ఎక్కడికి వెళ్లాలని ఉంది? చాలామంది పిల్లలు గ్రంథాలయం అనో, చెట్టు కింద స్నేహితుల గుంపు అనో చెబుతారు. కొలత అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఈ వారంలో ఒక్క టేపు తీసుకుని మీ ఇంటి గడప, మీ బడి మెట్లు కొలిచి అంకె రాసి పెట్టుకుంటే సగం పని అయినట్టే.